పసిపిల్లలున్న ఇంట క్రిస్మస్: డిసెంబరు నెలంతా కలిసి చేయదగిన పనులు



డిసెంబరు వచ్చిందంటే మన సంఘాలలో క్షణం తీరిక ఉండదు. సెమీ క్రిస్మస్‌లు, యౌవనుల కూటాలు, స్త్రీల సమాజం కార్యక్రమాలు, క్యారల్స్, మందిరానికి సున్నాలు, రంగులు, అలంకరణ. ఈ హడావుడిలో ఇంట్లో ఉన్న మూడేళ్ల బాబుకు, ఆరేళ్ల పాపకు దొరికేదేమిటి? కొత్త బట్టలు దొరుకుతాయి, కేకు దొరుకుతుంది, రాత్రి పదకొండింటికి స్పీకర్ల పక్కన అమ్మ ఒళ్లో నిద్ర దొరుకుతుంది. పండుగ వాళ్ల కళ్ల ముందు జరుగుతుంది గానీ వాళ్ల చేతుల మీదుగా జరగదు.

చిన్నపిల్లలు ప్రసంగం కన్నా పనిని ఎక్కువగా గుర్తుపెట్టుకుంటారు. తాము జిగురు పూసిన నక్షత్రాన్ని, తాము ఒత్తిన గవ్వను, తాము తువ్వాలు చుట్టుకుని నిలబడిన గొర్రెల కాపరి వేషాన్ని మరచిపోరు. రేపు చదువుకనో ఉద్యోగానికనో ఊరు దాటి వెళ్లినప్పుడు వాళ్ల వెంట వెళ్లేవి ఇవే. అందుకే పదేళ్లలోపు పిల్లలున్న కుటుంబాలు తక్కువ ఖర్చుతో ఇంట్లోనే చేసుకోదగిన పనులను ఈ వారం ఒకచోట చేర్చి ఇస్తున్నాము. అన్నీ చేయనక్కరలేదు. మీ ఇంటికి సరిపోయేవి రెండో మూడో ఎంచుకోండి. ఏటా వాటినే చేయండి. ఏటా చేసినదే ఆనవాయితీ అవుతుంది.

ఒక మాట ముందే చెప్పాలి. యేసు పుట్టిన తేదీ బైబిల్లో లేదు. అందువల్ల కొన్ని సంఘాలు డిసెంబరు 25ను పండుగగా ఆచరించవు. దినములను ఆచరించే విషయంలో ఒకరినొకరు తీర్పు తీర్చుకోవద్దని రోమా పత్రిక 14వ అధ్యాయం మనకు నేర్పుతుంది. అలాంటి కుటుంబాలు కూడా ఈ పనుల్లో చాలావాటిని ఏ నెలలోనైనా పిల్లలతో చేసుకోవచ్చు. క్రీస్తు జనన వృత్తాంతం పిల్లలకు ఏ నెలలో చెప్పినా మంచిదే.

ఎదురుచూపు: నాలుగు ఆదివారాలు, నాలుగు కొవ్వొత్తులు

క్రిస్మస్‌కు ముందు వచ్చే నాలుగు ఆదివారాలను ఆగమన కాలం అంటాము. నవంబరు 27కూ డిసెంబరు 3కూ మధ్య వచ్చే ఆదివారంతో అది మొదలవుతుంది. కొవ్వొత్తుల ఆనవాయితీకి ఒక చక్కని కథ ఉంది. జర్మనీలోని హాంబుర్గు పట్టణంలో యోహాన్ విఖెర్న్ అనే దైవసేవకుడు దిక్కులేని పిల్లల కోసం ఒక ఆశ్రమం నడిపేవాడు. క్రిస్మస్‌కు ఇంకెన్ని రోజులని ఆ పిల్లలు అడుగుతూ ఉండేవారు. 1839లో ఆయన ఒక బండి చక్రం తీసుకుని, దాని మీద మామూలు రోజులకు చిన్న కొవ్వొత్తులు, ఆదివారాలకు నాలుగు పెద్ద కొవ్వొత్తులు అమర్చాడు. రోజుకొకటి వెలిగిస్తూ పోతే ఎన్ని మిగిలాయో పిల్లలే లెక్కపెట్టుకోవచ్చు. లెక్కలు రాని పిల్లలకు కూడా ఎదురుచూపు కంటికి కనబడింది.

మన ఇళ్లలో దీనికి బండి చక్రం అక్కరలేదు. ఒక స్టీలు పళ్లెంలో ఇసుక పోయండి. చుట్టూ సరుగుడు కొమ్మలో, పెరట్లో దొరికిన పచ్చని ఆకులో పరచండి. నాలుగు కొవ్వొత్తులు నిలబెట్టండి. మొదటి ఆదివారం రాత్రి ఒకటి, రెండో ఆదివారం రెండు, అలా పెంచుతూ వెలిగించండి. చాలా సంఘాలలో ఈ నాలుగింటికి నిరీక్షణ, సమాధానం, సంతోషం, ప్రేమ అని పేర్లు పెడతారు. పెద్దవాళ్లు వెలిగించాలి, పిల్లలు ఊదాలి. ఎవరు ఊదాలో వంతులు ముందే చెబితే తగవులుండవు. అయిదు నిమిషాలకు మించి కూర్చోబెట్టవద్దు. ఒక చిన్న పాట, ఒక వాక్యం, ఒక్క మాట ప్రార్థన చాలు.

ఆగమన కాలం నాలుగు వారాలూ కుదరని ఇళ్లకు మరో పద్ధతి ఉంది. ఖాళీ అగ్గిపెట్టెలు 24 పోగుచేసి అట్టకు అంటించి, వాటి మీద 1 నుంచి 24 వరకు అంకెలు వేయండి. ఒక్కో పెట్టెలో ఒక చిన్న చీటీ పెట్టండి. రోజుకొక పెట్టె తెరవడం పిల్లల వంతు. చీటీలో మిఠాయి కన్నా చేయవలసిన పని ఉంటే మేలు: ‘ఈరోజు నానమ్మకు కాళ్లు ఒత్తాలి’, ‘పక్కింటి పిచ్చుకలకు గింజలు వేయాలి’, ‘తమ్ముడికి బొమ్మ ఇవ్వాలి’, ‘స్కూలు ఆయమ్మకు థ్యాంక్స్ చెప్పాలి’.

లూకా సువార్తలో సరిగ్గా 24 అధ్యాయాలున్నాయి. డిసెంబరు 1న మొదలుపెట్టి రోజుకొక అధ్యాయం చదివితే 24వ తేదీ రాత్రికి సువార్త పూర్తవుతుంది. మొదటి అధ్యాయంలోనే 80 వచనాలున్నాయి కనుక చిన్నపిల్లలకు మొత్తం చదవకండి. ఆ అధ్యాయంలో ఒక్క కథ ఎంచుకుని మీ మాటల్లో చెప్పండి. ఇలా చేస్తే మరో మేలు కూడా ఉంది. పసిబాలుని పుట్టుకతో మొదలైన కథ పునరుత్థానం దగ్గర ముగుస్తుంది. తొట్టెలో పండుకున్న శిశువు ఎందుకు వచ్చాడో పండుగ నాటికి పిల్లలకు తెలిసి ఉంటుంది.

యెష్షయి మొద్దు: పాత నిబంధన కథల చెట్టు

యెష్షయి మొద్దు నుండి చిగురు పుడుతుందని యెషయా గ్రంథం 11వ అధ్యాయం మొదటి వచనం చెబుతుంది. దాన్ని ఆధారం చేసుకుని కొన్ని దేశాల విశ్వాసులు ఇంట్లో ఒక కొమ్మ నిలబెట్టి, ఆదికాండం నుంచి బేత్లెహేము వరకు ఒక్కో కథకు ఒక్కో గుర్తు చేసి దానికి వేలాడదీస్తారు. ఇందుకు ఎండుకొమ్మ ఒకటి, మట్టి నింపిన కుండీ ఒకటి ఉంటే చాలు. పాత నోటుబుక్కుల అట్టలు కత్తిరించి బొమ్మలు వేయించండి.

ఆదాము హవ్వలకు పండు. నోవహుకు ఇంద్రధనుస్సు. అబ్రాహాముకు నక్షత్రాలు. ఇస్సాకుకు పొట్టేలు. యాకోబుకు నిచ్చెన. యోసేపుకు రంగురంగుల అంగీ. మోషేకు మండుచున్న పొద. రూతుకు యవల కంకి. దావీదుకు వడిసెల. యోనాకు చేప. చివరగా మరియకు గబ్రియేలు దూత, యోసేపుకు సుత్తి.

రూతు కథ మన పల్లెల పిల్లలకు తొందరగా అర్థమవుతుంది. కోత కోసిన చేలో పరిగె ఏరుకోవడం మన పొలాల్లో తెలిసిన సంగతే. ఆ పొలం బేత్లెహేములోనిదని, పరదేశురాలైన ఆ విధవరాలి వంశంలోనే దావీదు, ఆ తరువాత క్రీస్తు వచ్చారని చెప్పండి. నాయనమ్మనో అమ్మమ్మనో ఆ కథ చెప్పమంటే ఇంకా బాగుంటుంది. ఆమె చిన్ననాడు పరిగె ఏరిన మనిషే అయితే ఆ కథకు ఇక ఏ వ్యాఖ్యానమూ అక్కరలేదు.

నక్షత్రం కొనవద్దు, చేద్దాం

బజారులో మెరిసే నక్షత్రాలు బోలెడు దొరుకుతాయి. కానీ ఇంటి ముందు వేలాడేది తాము చేసిందైతే పిల్లలు దాన్ని రోజుకు పదిసార్లు చూసుకుంటారు. కాగితపు నక్షత్రాలకు బడితో అనుబంధం కూడా ఉంది. మొరావియన్ సంఘస్థులు వేలాడదీసే అనేక కోణాల నక్షత్రం 1830లలో జర్మనీలోని నీస్కీ పట్టణపు వారి పాఠశాలలో రేఖాగణిత పాఠంగా మొదలైంది. ఫిలిప్పీన్స్ దేశంలో వెదురు బద్దలతో, కాగితంతో చేసే నక్షత్ర దీపం క్రిస్మస్ గుర్తుగా ప్రసిద్ధి. మన దగ్గర వెదురుకు, గాలిపటం కాగితానికి కొదవ లేదు.

చేసే విధానం ఇది. ఒకే పొడవున్న వెదురు బద్దలు పది తీసుకోండి. రెండడుగుల పొడవు సరిపోతుంది. అయిదు బద్దలను అయిదు మూలల నక్షత్రంగా పేర్చి, కలిసిన ప్రతి చోటా దారంతో గట్టిగా కట్టండి. మిగిలిన అయిదింటితో అలాంటిదే ఇంకొకటి చేయండి. రెండింటినీ ఒకదానిపై ఒకటి ఉంచి అయిదు కొనల దగ్గర కట్టేయండి. లోపలి అయిదు కూడళ్ల దగ్గర రెండు నక్షత్రాల మధ్య నాలుగంగుళాల పుల్లలు నిలబెడితే నక్షత్రం ఉబ్బుతుంది. మైదా ఉడికించిన జిగురుతో రంగు కాగితం అంటించండి. బల్బు పెట్టడానికి వెనుక ఒక భాగం ఖాళీగా వదలండి.

బద్దలు చీల్చడం, కట్టడం నాన్న పని. కాగితం కత్తిరించడం అక్క పని. జిగురు పూయడం తమ్ముడి పని. లోపల వేడెక్కని చిన్న ఎల్‌ఈడీ బల్బే పెట్టాలి, కొవ్వొత్తి పెట్టకూడదు. వైరు అతుకులు బయటికి కనిపించకుండా టేపు చుట్టండి. డిసెంబరు మంచుకు అవి తడుస్తాయి. సీరియల్ లైట్ల ప్లగ్గులు పిల్లలకు అందని ఎత్తులో ఉంచండి.

పశువుల పాక

1223లో ఇటలీలోని గ్రెచ్చో అనే ఊళ్లో అస్సిసి ఫ్రాన్సిస్ క్రిస్మస్ రాత్రి ఒక తొట్టె, గడ్డి, నిజమైన ఎద్దు, గాడిదలను ఏర్పాటు చేసి ప్రభువు జన్మను జనానికి కళ్లకు కట్టించాడు. చదువు రాని పల్లె జనానికి ఆ పేద పుట్టుక అర్థం కావాలన్నది ఆయన తపన. మనం పాక కట్టేది కూడా అందుకే.

వరిగడ్డి, చెరువు మట్టి, అట్టపెట్టె ఉంటే పాక సిద్ధం. గొర్రెలను పిల్లలే మట్టితో చేయాలి. అవి కుక్కల్లా కనబడినా సరిదిద్దవద్దు. తొట్టెను మాత్రం ఖాళీగా ఉంచండి. ఇంట్లో ఎవరైనా ఎవరికైనా ఒక మేలు చేసినప్పుడు ఒక గడ్డిపరక తెచ్చి అందులో వేయాలి. 24వ తేదీ రాత్రికి శిశువుకు పరుపు తయారవుతుంది. అప్పుడు ఇంట్లో అందరికన్నా చిన్నవారి చేత శిశువు బొమ్మను అందులో పడుకోబెట్టించండి.

జ్ఞానులను పాకలో పెట్టవద్దు. వాళ్లను ఇంటికి ఆ చివర, వంటింటి గూట్లో ఉంచండి. రోజుకు కాస్త ముందుకు జరపండి. మత్తయి సువార్త 2వ అధ్యాయం ప్రకారం వాళ్లు వచ్చింది ఇంటికి. జనవరి 6న వాళ్లు గమ్యం చేరితే పిల్లలకు పండుగ పన్నెండు రోజులు ఎక్కువే దొరుకుతుంది.

ఇక్కడే ఒక ఆట ఆడవచ్చు: ‘బైబిల్లో ఉందా, లేదా?’ మరియ గాడిద మీద వెళ్లిందా? సువార్తల్లో గాడిద ప్రస్తావన లేదు. జ్ఞానులు ముగ్గురా? కానుకలు మూడు గానీ మనుషులెందరో చెప్పలేదు. సత్రపు యజమాని ఏమన్నాడు? అసలు అతడి మాటే లేదు. పొత్తిగుడ్డలు ఉన్నాయా? ఉన్నాయి. పెద్దవాళ్లు కూడా ఈ ఆటలో ఓడిపోతారు. అదే పిల్లలకు సంబరం. ఓడిపోయినవాళ్లు లూకా 2, మత్తయి 2 తెరిచి చదవాలన్నది నియమం.

నజరేతు నుంచి బేత్లెహేముకు దారి దాదాపు హైదరాబాదు నుంచి వరంగల్లుకు నడిచినంత అని చెప్పండి. అంత దూరం నిండు చూలాలు ప్రయాణం చేసిందంటే పిల్లలు ఒక్క క్షణం నిశ్శబ్దమైపోతారు.

నాటిక: అందరికీ ఒక వేషం

సండే స్కూలు నాటిక చాలామంది పిల్లలకు మొదటి వేదిక. తువ్వాలు తలకు చుడితే గొర్రెల కాపరి, అమ్మ చున్నీ కప్పితే మరియ, తెల్లచొక్కాకు దూది అంటిస్తే దూత. మాటలు రాని చిన్నవాళ్లు గొర్రెపిల్లలు. ఏడ్చే పిల్లవాడు కూడా గొర్రెపిల్లే, అరుస్తాడు అంతే.

సండే స్కూలు నడిపే అక్కలకు, అన్నలకు ఒక విన్నపం. మరియ వేషానికి తెల్లగా ఉన్న పాప కోసం వెతకడం, రాజు వేషం కానుక ఎక్కువ వేసే ఇంటి పిల్లవాడికి ఇవ్వడం మనం మానుకోవాలి. ‘నువ్వు నల్లగా ఉన్నావు, వెనుక నిలబడు’ అన్న మాట విన్న పాప ఆ క్రిస్మస్‌ను మరచిపోదు. చీట్లు వేసి వేషాలు పంచండి. ఎవరికి ఏది వస్తే అది. దేవుడు మొదటి వార్త రాత్రివేళ పొలంలో కాపలా ఉన్న కూలివారికి పంపాడు. ఆ సంగతి నాటికలోనే కాదు, వేషాలు పంచడంలో కూడా కనబడాలి.

వంటింట్లో పిల్లల చేతులు

బేత్లెహేము అనే మాటకు హెబ్రీ భాషలో రొట్టెల ఇల్లు అని అర్థం. జీవాహారమైనవాడు రొట్టెల ఇంట్లో పుట్టాడని పిండి కలుపుతూ చెబితే పిల్లలకు గుర్తుంటుంది.

మన క్రిస్మస్ పిండివంటల్లో పిల్లలకు అన్నిటికన్నా అనువైనవి బెల్లం గవ్వలు. రెండు కప్పుల మైదా లేదా గోధుమపిండిలో పావు కప్పు బొంబాయి రవ్వ, చిటికెడు ఉప్పు, రెండు చెంచాల వేడి నెయ్యి వేసి, తగినన్ని నీళ్లతో గట్టిగా కలిపి అరగంట మూతపెట్టండి. గోలీకాయంత ఉండలు చేసి పిల్లలకు ఇవ్వండి. గవ్వల చెక్క మీద బొటనవేలితో ఒత్తితే గవ్వ అయిపోతుంది. చెక్క లేకపోతే కొత్త దువ్వెన చాలు. ఇంతవరకే పిల్లల పని. నూనె మూకుడు, బెల్లం పాకం పెద్దవాళ్లవి. ఆ సమయంలో పిల్లలు వంటింట్లో ఉండకూడదు. పాకం నూనె కన్నా ఎక్కువగా అంటుకుని కాలుస్తుంది. చల్లారాక డబ్బాలకు ఎత్తే పని మళ్లీ వాళ్లకే ఇవ్వండి. ఎన్ని డబ్బాలోకి వెళ్లాయో, ఎన్ని నోట్లోకి వెళ్లాయో లెక్క అడగవద్దు.

అరిసెలు కొత్త బియ్యం ఇంటికి వచ్చే కాలపు వంట. తడిపిండి, పాకం కుదరాలంటే పెద్దల చేయి పడాలి. నువ్వులు అద్దే పని మాత్రం పిల్లలది.

చేసినవాటిలో మొదటి పళ్లేలు ఇరుగుపొరుగుకు వెళ్లాలి. సంక్రాంతికి మనకు అరిసెలు పంపిన ఇంటికి, రంజానుకు సేమ్యా పాయసం పంపిన ఇంటికి మన పిల్లల చేతులతోనే పంపిద్దాం. వాళ్ల గిన్నె మన ఇంట్లో ఉండిపోయి ఉంటే దాన్ని ఖాళీగా తిరిగి పంపకూడదన్నది మన పెద్దల మర్యాద. క్రిస్మస్ ఆ మర్యాద తీర్చుకోవడానికి మంచి సమయం.

పాటలు, క్యారల్స్

ఏడాదికి ఒక్క పాట. పల్లవి నుంచి చివరి చరణం వరకు పుస్తకం చూడకుండా పాడేలా కుటుంబమంతా నేర్చుకోవాలి. ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకంలో మన తాతలు కంఠతా పాడిన జనన కీర్తనలున్నాయి. ఆ రాగాలు ఇంట్లో పెద్దవారికే తెలుసు. వాళ్ల దగ్గర పిల్లలు నేర్చుకుంటే ఒక తరం గొంతు మరో తరానికి చేరుతుంది. అవ్వ గొంతును ఫోనులో రికార్డు చేసి దాచుకోండి.

గొప్ప వాయిద్యాలు లేవని వెనుకాడనక్కరలేదు. లోకమంతా పాడే ‘సైలెంట్ నైట్’ పాటను 1818 డిసెంబరు 24న ఆస్ట్రియాలోని ఓబెర్న్‌డార్ఫ్ అనే చిన్న ఊరి చర్చిలో మొదటిసారి గిటారు మీద పాడారు. కంజీర, తాళాలు, బియ్యం పోసిన డబ్బా, స్టీలు ప్లేటు, ఇవన్నీ మన పిల్లలకు వాయిద్యాలే.

క్యారల్స్‌కు చిన్నపిల్లలను తీసుకువెళ్లేటప్పుడు మూడు జాగ్రత్తలు. వాళ్లకు సాయంత్రం ఆరు నుంచి ఎనిమిదిన్నర వరకే చాలు. లారీలు, ట్రాక్టరు ట్రక్కులు ఎక్కించవద్దు, వీధిలో నడిచి వెళ్లే దూరమే పెట్టుకోండి. మైకు లేకుండా పాడండి. లౌడుస్పీకర్లకు రాత్రి 10 నుంచి ఉదయం 6 వరకు చట్టప్రకారం నిషేధం ఉంది. చట్టం సంగతి అలా ఉంచినా, పరీక్షకు చదువుకునే పక్కింటి పిల్లను, నిద్రపట్టని ముసలాయనను మన పాట బాధపెట్టకూడదు. మంచాన పడ్డవారి ఇంటికి, వృద్ధాశ్రమానికి ముందుగా అడిగి వెళ్లండి. అక్కడ పిల్లలు రెండు పాటలు పాడితే చాలు, ఆ ఇంటికి పండుగ వచ్చినట్టే.

ఇవ్వడం నేర్పే పనులు

డిసెంబరు 1న ఒక పాలడబ్బాకు చీలిక పెట్టి పిల్లల చేతికివ్వండి. చిల్లర అంతా అందులో వేయాలి. ఎవరికివ్వాలో పిల్లలే తేల్చాలి. పెద్దలు సలహా చెప్పవచ్చు, తీర్పు చెప్పకూడదు.

మన పిల్లలకు బట్టలు కొన్నప్పుడు అదే కొలతలో మరో పిల్లకు ఒక జత కొనగలిగితే కొనండి. ఇచ్చేటప్పుడు ఫోటో తీయవద్దు. దుప్పటి అందుకుంటున్న పేద తల్లి ముఖం మన వాట్సాప్ గ్రూపులో తిరగనక్కరలేదు. క్రిస్మస్ తాత కథకు మూలమైన నికొలాసు నాలుగో శతాబ్దంలో నేటి టర్కీలోని మైరా పట్టణానికి బిషప్పు. ఆయన రహస్యంగా ఇచ్చేవాడన్నదే ఆయన గురించి తరతరాలుగా చెప్పుకునే కథ. ‘అల్లరి చేస్తే క్రిస్మస్ తాత రాడు’ అని పిల్లలను బెదిరించడం కూడా మానుకుందాం. మన అర్హత చూసి క్రీస్తు రాలేదు కదా.

ఖర్చు గురించి నాలుగు మాటలు

అప్పు చేసి పప్పుకూడు అన్న సామెత పండుగల దగ్గరే ఎక్కువగా నిజమవుతుంది. పక్కింటివాళ్లు పెట్టిన లైట్లు చూసి, బంధువుల పిల్లల బట్టలు చూసి వడ్డీకి తెచ్చిన డబ్బు వచ్చే వేసవి దాకా ఆ ఇంటి కూలిని తింటుంది. ఆ వడ్డీ కోసం తల్లిదండ్రులు తగవులాడుకుంటుంటే వినేది ఆ పిల్లలే.

లూకా 2:24 ఒకసారి చూడండి. శిశువైన యేసును దేవాలయానికి తెచ్చినప్పుడు మరియ యోసేపులు అర్పించినది పక్షుల జత. గొర్రెపిల్లను తేలేనివారికి లేవీయకాండం 12:8లో చెప్పిన అర్పణ అది. ప్రభువును పెంచిన ఇల్లు తన స్థితికి తగినట్టే అర్పించింది, దానికి సిగ్గుపడలేదు. ‘ఈ ఏడు కొత్త బట్టలు లేవు నాన్నా, ఉన్నవాటినే ఉతికి ఇస్త్రీ చేసుకుందాం’ అని చెప్పగలగడం తండ్రికి తలవంపు కాదు. ఆ మాట ఆ పిల్లవాడికి మందిరంలో సిగ్గు తేకుండా చూడవలసింది సంఘం. చిన్నపిల్లల చేత ‘ఎవరికి కొత్త బట్టలు?’ అని చేతులెత్తించడం వేదిక మీద నుంచి ఎవరూ చేయకూడదు.

దూరాన ఉన్నవారు, లేనివారు

కోనసీమలోనూ, కడప, కరీంనగర్ ప్రాంతాల్లోనూ అమ్మో నాన్నో గల్ఫ్‌లో ఉన్న ఇళ్లు చాలా. అక్కడ డిసెంబరు 25న పనికి వెళ్లవలసి రావచ్చు. కువైటు సమయం మనకన్నా రెండున్నర గంటలు, దుబాయి సమయం గంటన్నర వెనుక. అది చూసుకుని వీడియో కాల్‌కు వేళ ముందే అడగండి. పాప వాక్యం చెప్పడం, బాబు నాటికలో నిలబడడం రికార్డు చేసి ముందురోజే పంపండి. తాను పని చేసే ఇంటి వంటగదిలో నిలబడి అమ్మ దాన్ని చూసుకుంటుంది. పాక కట్టినప్పుడు ఒక గొర్రెపిల్లకు ఆమె పేరు పెట్టండి.

ఈ ఏడు ఎవరినైనా పోగొట్టుకున్న ఇంట్లో సందడి బరువుగా ఉంటుంది. వాళ్లను బలవంతం చేయవద్దు, ఒంటరిగానూ వదలవద్దు. పిల్లలు ఆ తాతను తలచుకుని ఒక కొవ్వొత్తి వెలిగించవచ్చు, ఆయనకు ఇష్టమైన పాట పాడవచ్చు. ఏడిస్తే ఏడవనివ్వండి. ఆ ఇంటివారిని మధ్యాహ్నం భోజనానికి పిలవడం ఇరుగుపొరుగు విశ్వాసుల బాధ్యత.

క్రిస్మస్ రోజు

తెల్లవారుజాము ఆరాధన ఉంటే పిల్లలను ముందురాత్రి ఎనిమిదికే పడుకోబెట్టండి. మందిరానికి బిస్కెట్లు, నీళ్లు, ఒక దుప్పటి తీసుకెళ్లండి. కానుక వాళ్ల చేతులతోనే వేయించండి. సంఘ పెద్దలకు మా విన్నపం: ఆ ఉదయం ప్రసంగంలో పది నిమిషాలు పిల్లలకు అర్థమయ్యేలా ఉంచండి.

ఇంటికి వచ్చాక కేకు కోయకముందు లూకా 2వ అధ్యాయంలో మొదటి 20 వచనాలు ఒకరు చదవాలి. చదవడం వచ్చిన పిల్లలుంటే ఆ వంతు వాళ్లదే. మధ్యాహ్నం బిర్యానీ తిన్నాక గిన్నెలు తోమే పని మగవాళ్లు, పిల్లలు తీసుకుంటే అమ్మకు కూడా ఆ రోజు పండుగ అవుతుంది.

సెలవుల్లో ఒక ప్రయాణం కుదిరితే మెదక్ మహాదేవాలయం చూపించండి. 1914లో మొదలై పదేళ్లు సాగిన ఆ నిర్మాణం 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠితమైంది. కరువు కాలంలో జనానికి పని, తిండి దొరకాలని రెవరెండ్ చార్లెస్ వాకర్ పోస్నెట్ ఆ పని నడిపించారు. రంగుటద్దాల కిటికీల్లో ఒకదానిలో ప్రభువు జననమే ఉంది. బయటి వెలుగుకే ఆ బొమ్మ కనబడుతుంది గనుక పగలే వెళ్లాలి. క్రిస్మస్ నాడు జనసందోహం ఎక్కువ. పసివాళ్లతో వెళ్లేవారికి మరో రోజు మేలు.

వయసును బట్టి

- మూడేళ్లలోపు: కొవ్వొత్తి ఊదడం, గడ్డిపరక వేయడం, గొర్రెపిల్ల వేషం. చిన్న బొమ్మలు నోట్లో పెట్టుకోకుండా చూడాలి.
- మూడు నుంచి అయిదు: గవ్వలు ఒత్తడం, జిగురు పూయడం, అగ్గిపెట్టెల చీటీ తెరవడం, పళ్లెం పట్టుకుని పక్కింటికి వెళ్లడం.
- ఆరు నుంచి పది: నక్షత్రం కట్టడం, బొమ్మలు వేయడం, వాక్యం చదవడం, పాలడబ్బా లెక్క చూడడం, తమ్ముళ్లకు కథ చెప్పడం.

పండుగ అయ్యాక నక్షత్రం కాగితం తీసి బద్దలు దాచండి, వచ్చే ఏడాది పనికొస్తాయి. ఆ బద్ద మీద ఈ ఏటి సంవత్సరం రాయండి, పిల్లల బొటనవేలి గుర్తు వేయించండి. పదేళ్ల తరువాత ఆ బద్దలు మీ కుటుంబ చరిత్ర చెబుతాయి.

ప్రియులారా, పిల్లలను తన యొద్దకు రానిచ్చిన ప్రభువు తానే పిల్లవాడిగా మన మధ్యకు వచ్చాడు. ఈ నెలలో మీ ఇంట్లో నేల మీద చిందిన జిగురుకు, వంటింట్లో చల్లిన పిండికి, తప్పుగా పాడిన పాటకు విసుక్కోకండి. ఆ చిన్న చేతులు పండుగ చేస్తున్నాయి. మీ కుటుంబాలకు ప్రభువు సమాధానము తోడై ఉండును గాక. క్రిస్మస్ శుభాకాంక్షలు.